ఎనిమిదిన్నర ఆట

ఖాళీ హాల్లో వరసగా ఏడు రోజులు కూర్చుని నా సినిమా నేనే చూశాను. అది కూడా టికెట్ కొనుక్కుని. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకునేవారు, కానీ చూడటానికి అక్కడ ఎవరూ లేరు. ఒక మనిషి తన గొయ్యి తనే తవ్వుకుంటున్నాడు. మధ్యలో ఎవరూ వచ్చి ఆపకుండా కాపలా కాయడమే నా పని.

ఆ మనిషి మా పంపిణీదారు. నేనూ అక్కా ఆయనకు పెట్టుకున్న పేరు చూద్దాం గారు. ఏది అడిగినా ఆయన నోట్లోంచి వచ్చే మాట అదొక్కటే. పోస్టర్లు ఎప్పుడు వేస్తారంటే చూద్దాం. ఎన్ని హాళ్ళంటే చూద్దాం. మరీ గట్టిగా అడిగితే కారణాలు చెప్పేవాడు. "పిల్లలకి పరీక్షలమ్మా, ఇప్పుడెవరొస్తారు?" పరీక్షలయ్యాక అడిగితే, "సెలవుల్లో అన్నీ పెద్ద పెద్ద సినిమాలమ్మా, బొమ్మల సినిమాకి హాలెవరిస్తారు?" సెలవులయ్యాక, "వానలమ్మా, జనం గడప దాటరు."

"మా సినిమా వాన గురించే కదండీ," అన్నాను ఒకసారి.

"అందుకే చెప్తున్నా," అన్నాడు.

మా సినిమా పేరు 'గొడుగుల కొట్టు'. తొంభై ఒక్క నిమిషాలు. వానలు కురవడం మానేసిన ఊళ్ళో ఒక ముసలమ్మ రోజూ కొట్టు తెరిచి పాత గొడుగులు బాగుచేస్తూ ఉంటుంది. అంతే కథ. మనుషుల్ని నేను గీశాను. వాళ్ళ వెనక ఉన్న ప్రతి గోడకీ, ప్రతి మబ్బుకీ అక్క రంగులు వేసింది. ఆరేళ్ళు మా ముందుగదిలో రెండు బల్లలు ఎదురెదురుగా వేసుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పనిచేశాం. చుట్టం ఎవరైనా వస్తే కూర్చోబెట్టడానికి చోటుండేది కాదు. మెల్లగా చుట్టాలు రావడం మానేశారు. అదీ ఒకందుకు మంచిదే అయింది.

చూద్దాం గారితో ఒప్పందం రాసుకునే రోజు అక్క ఒక్క వాక్యం కోసం పట్టుబట్టింది. సినిమా చేతికిచ్చిన రెండేళ్ళలోపు, పూర్తి చేసిన రంగుల చిత్రాన్ని, టికెట్ కొన్న ప్రేక్షకులకు, వరసగా ఏడు రోజులు హాల్లో చూపించకపోతే హక్కులన్నీ మాకు తిరిగి రావాలి. 'రంగుల' అన్న మాట ప్రత్యేకంగా రాయించింది. చూద్దాం గారు నవ్వాడు. "ఏడు రోజులేంటమ్మా, డెబ్బై రోజులు ఆడిద్దాం," అని సంతకం పెట్టాడు.

ఆ సంతకానికి ముందు ఆయన మమ్మల్ని ఇంకొకటి అడిగాడు. దాని గురించి చెప్పకుండా దాటేద్దామని నాకు చాలా ఉంది, కానీ చెప్పాలి.

బొమ్మల సినిమా తీసేవాళ్ళు రంగులు వేయకముందు మొత్తం కథని పెన్సిల్ గీతలతో ఒకసారి తయారుచేసుకుంటారు. గొంతులు కూడా చేతికందినవాళ్ళవే పెట్టుకుంటారు. ఆ చిత్తుప్రతిలో ముసలమ్మ గొంతు అక్కది. తాత్కాలికమనే చెప్పించాను. తీరా విన్నాక ఇంకెవరి గొంతూ ఆ ముసలమ్మకి అతకలేదు. అక్క మాటల్లో ఒక విసుగుండేది. ప్రేమ దాచుకోవడానికి పడే విసుగు. చిన్నప్పటినుంచీ నన్ను తిట్టిన గొంతే అది.

చూద్దాం గారు పెద్ద తెర మీద చూస్తానంటే ఆ చిత్తుప్రతినే హాల్లో వేయడానికి వీలుగా ఒక డిస్కులో పెట్టి, నల్లపెట్టెలో ఆయన ఆఫీసుకి పంపాం. చూశాడో లేదో తెలియదు. మర్నాడు ఫోన్ చేశాడు. "ముసలిదానికి పేరున్న గొంతు పెట్టండమ్మా. మీ అక్క గొంతు ఎవరిక్కావాలి? అది మారిస్తేనే సంతకం."

అక్క పక్కనే ఉంది. ఫోన్ స్పీకర్లో ఉంది. "సరేలేవే, నా గొంతేమంత గొప్పదని," అని మళ్ళీ కుంచె పట్టుకుంది. నేను ఒక్క మాటైనా అడ్డం చెప్పలేదు. పేరున్న నటి వచ్చింది, ఒక్క పూటలో చెప్పేసి వెళ్ళింది. మా దగ్గర డిస్కుల్లో ఎప్పుడూ చోటుండేది కాదు, పాతవి చెరిపితేగాని కొత్తవి పట్టేవి కాదు. అక్క గొంతు రికార్డింగులు, ఆ చిత్తుప్రతితో సహా, నేనే చెరిపాను.

రంగుల సినిమా తెల్లపెట్టెలో పంపిన ఆరు నెలలకి అక్క గొంతులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు మెడకి చిన్న గుడ్డ చుట్టుకుంటుంది. మాట్లాడాల్సినవి చిన్న పుస్తకంలో పెన్సిల్‌తో రాసి చూపిస్తుంది. అక్క గొంతు మిగిలిన ఆ నల్లపెట్టె ఒక్కసారి తిరిగివ్వమని నేను చూద్దాం గారి ఆఫీసుకి నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగుసార్లూ ఒకే జవాబు. "ఎక్కడుందో ఏమోనమ్మా. చూద్దాం."

అప్పటినుంచి ఆ మనిషి పేరు వింటే నా ఒళ్ళు మండేది. అక్క మాత్రం పుస్తకంలో 'వదిలెయ్' అని రాసేది. వదలడం నా రక్తంలో లేదు.

రెండేళ్ళ గడువు ఇంకా పదిరోజులుందనగా, ఒక శుక్రవారం పొద్దున పేపర్లో సినిమాహాళ్ళ పట్టిక చూస్తున్నాను. అట్టడుగున, చీమంత అక్షరాల్లో, ఊరి చివర బస్సుల డిపో పక్కనున్న హాలు పేరెదురుగా ఉంది: గొడుగుల కొట్టు, ఉదయం 8.30, ఒక్క ఆట.

పోస్టరు లేదు. మాకు కబురు లేదు. నాకు విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆన్‌లైన్ కంపెనీ ఒకటి ఆయన దగ్గరున్న పదిహేను సినిమాల్ని గంపగుత్తగా కొంటోందని అప్పటికే విన్నాను. అందులో మాది పదమూడోది. హక్కులు చేజారకుండా ఉండాలంటే ఏడు రోజులు ఆడించానని కాగితం మీద చూపించాలి. పిల్లలు బళ్ళకీ పెద్దలు పనులకీ పోయే వేళలో, ఎవరూ పోని హాల్లో తద్దినం పెట్టేస్తున్నాడన్నమాట. టికెట్లు ఆయన ఆఫీసువాళ్ళే కొని పడేస్తారు.

కానీ ఒక్కటి అంతుపట్టలేదు. పూర్తయిన సినిమా డిస్కుకి తాళం ఉంటుంది. ఇనప తాళం కాదు, ఒక చిన్న ఫైలు. ఏ హాల్లో, ఏ తేదీనుంచి ఏ తేదీదాకా ఆడుతుందో చెప్తే మేము చేయించి పంపాలి. అది లేకుండా తెల్లపెట్టెలోది ఏ హాల్లోనూ తెరుచుకోదు. ఆ తాళం మమ్మల్ని ఎవరూ అడగలేదు. మరి ఏం వేస్తున్నట్టు?

ఆటో ఎక్కి పరిగెత్తాను. టికెట్లిచ్చే ఆమె నన్ను చూసి ఉలిక్కిపడింది. "ఇప్పటికే ముప్పై అమ్ముడుపోయాయి," అంది. లోపలికి వెళ్తే ఒక్క పురుగు లేదు. మూడో వరసలో కూర్చున్నాను. దీపాలు ఆరాయి.

తెర మీద పెన్సిల్ గీతలు కదిలాయి. రంగు లేదు, గోడలు లేవు, మబ్బులు లేవు. నేను ఆరేళ్ళ కిందట గీసిన ముసలమ్మ కొట్టు తలుపు తీసింది. తీసి, అక్క గొంతుతో అంది: "ఏం చూస్తున్నావ్ అలా? గొడుగు పట్టుకొచ్చావా, ఊరికే వచ్చావా?"

నేను ముందు సీటు పట్టుకుని ఏడ్చాను. ఏడాదిన్నర అయింది ఆ గొంతు విని. నేనే చెరిపేసిన గొంతు, ఎక్కడా లేదనుకున్న గొంతు, హాలంతా నిండిపోయింది. చాలాసేపు బొమ్మ కూడా చూడలేదు. కళ్ళు మూసుకుని విన్నాను.

ఏడుపు తగ్గాక బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. ఆయన బీరువాలో రెండు పెట్టెలున్నాయి. ఒకదానికి తాళం ఉంది, ఇంకొకదానికి లేదు. అది చిత్తుప్రతి కాబట్టి మేము తాళం వేయలేదు. రెండిట్లో ఏది సినిమానో ఆయనకు తెలియదు, ఆయన మనుషులకీ తెలియదు. ఏదీ తెరిచి చూడలేదు కాబట్టి. సులువుగా ఆడిన పెట్టె హాలుకొచ్చింది.

'పూర్తి చేసిన రంగుల చిత్రం.' అక్క పట్టుబట్టి రాయించిన మాట. ఏడు రోజులూ ఇదే ఆడితే, ఆయన మా సినిమాని ఒక్కరోజు కూడా ఆడించనట్టే.

వేళ్ళమీద లెక్కేసుకున్నాను. గడువుకి పదిరోజులు. మొదటి మూడు రోజుల్లో ఎవరైనా తప్పు పట్టుకుంటే, ఆయన తెల్లపెట్టె తెచ్చి, తాళం అడిగి, నాలుగో రోజునుంచి మళ్ళీ ఏడు రోజులు ఆడించగలడు. అడిగితే తాళం ఇవ్వక తప్పదు, ఒప్పందంలో ఉంది. నాలుగో రోజు కూడా పెన్సిల్ బొమ్మే ఆడిందంటే ఇక బ్రహ్మ దిగొచ్చినా ఆయన్ని కాపాడలేడు. మూడు రోజులు ఎవరూ నోరు విప్పకూడదు. అంతే నాకు కావాల్సింది.

మొదటిరోజే గండం వచ్చింది. ప్రొజెక్టరు నడిపే ఆయన మెట్లు దిగొచ్చి నన్ను ఆపాడు. నెరిసిన మీసం, చెవి సందులో బీడీ. "అమ్మా, బొమ్మకి రంగు రావట్లేదు. లోపమేమో, పంపినవాళ్ళకి ఫోన్ చెయ్యనా?"

"లోపం కాదండీ. కావాలనే అలా తీశారట."

"అవార్డు సినిమానా?"

"అవును."

"అలా చెప్పు," అని తల ఊపుతూ పైకెళ్ళిపోయాడు.

రెండోరోజు ఎవరూ రాలేదు. మూడోరోజు ఆదివారం. ఆట మొదలవుతుండగా తలుపు తెరుచుకుని ఒకామె, ఏడెనిమిదేళ్ళ కూతురు లోపలికొచ్చారు. నిజంగా డబ్బులు పెట్టి కొన్న ప్రేక్షకులు. రెండేళ్ళుగా ఎవరికోసమైతే ఎదురుచూశానో వాళ్ళే వచ్చారు, ఇవాళే రావాలా అనిపించింది.

ఐదు నిమిషాలకే పిల్ల గొణిగింది. "అమ్మా, రంగులేవి?"

"ఉండు, వస్తాయేమో."

"రావట్లేదుగా. ఇది పాడైపోయింది. చెప్పమ్మా వాళ్ళకి."

తల్లి లేచింది. ఆమె బయటికెళ్ళి చెప్తే అయిపోయినట్టే. టికెట్లమ్మే ఆమె ఫోన్ చేస్తుంది, చూద్దాం గారి ఆఫీసులో ఎవరో ఒకరికి బుద్ధి పుడుతుంది. నేను గబగబా వెళ్ళి వాళ్ళ వరసలో పిల్ల పక్కన కూర్చున్నాను.

"రంగులు నేను చెప్తాను," అన్నాను పిల్ల చెవిలో. "ఆ కొట్టు తలుపుంది చూశావా, అది ఆకుపచ్చ. కింద కొంచెం పెచ్చులూడి పాత నీలం కనిపిస్తూ ఉంటుంది."

"నీకెలా తెలుసు?"

"వేసినావిడ నాకు తెలుసు."

తల్లి అనుమానంగా నన్ను చూసి, ఏమనుకుందో, కూర్చుంది. తొంభై ఒక్క నిమిషాలు ఆ పిల్ల చెవిలో అక్క వేసిన రంగులు చెప్తూ పోయాను. ముసలమ్మ శాలువా ముదురు ఎరుపు. ఎండిన కాలవ బూడిద రంగు. పిల్ల మధ్యలో నన్ను ఆపి, "ఆ చిన్న గొడుగు పసుపు కదా?" అంది. పసుపే. చివర్లో వాన పడింది. తెరంతా సన్నటి పెన్సిల్ గీతలు. ముసలమ్మ గడపలో నిలబడి, "ఇప్పుడొచ్చావా, ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావ్?" అని వానని తిట్టింది. పిల్ల పకపకా నవ్వింది. తల్లి కళ్ళు తుడుచుకుంది.

వెళ్తూ ఆ పిల్ల అడిగింది. "రంగులున్నది ఎప్పుడొస్తుంది?"

నాకు సిగ్గేసింది. నా పగ కోసం దాని సినిమా దానికి దక్కకుండా చేశాను. అయినా నోరు విప్పలేదు. నాలుగోరోజు పొద్దున ఎనిమిదిన్నరకి తెర మీద మళ్ళీ పెన్సిల్ గీతలు కదిలినప్పుడు, ఆ ఖాళీ హాల్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

మిగిలిన రోజులు వెళ్ళనక్కర్లేదు. అయినా వెళ్ళాను, అక్క గొంతు కోసం. ఇంటికెళ్ళాక అక్క నా మొహం చూసి, 'ఎక్కడికి పోతున్నావ్ రోజూ?' అని రాస్తే, పని మీద అన్నాను. ఆ గొంతు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. చెప్తే, ముందు అది ఎందుకు పోయిందో కూడా మాట్లాడుకోవాలి.

ఏడో రోజు సాయంత్రం ఆఫీసు కాగితం మీద చూద్దాం గారి ఉత్తరం వచ్చింది. సినిమాని ఏడు రోజులు జయప్రదంగా ప్రదర్శించామని, హక్కులు యథాతథంగా తనవేనని రాశాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. 'మొదటిరోజు నేను స్వయంగా ప్రేక్షకులతో కలిసి వీక్షించాను. రంగులు అద్భుతం' అని కూడా రాశాడు. ఆ ఉత్తరం నకలు ఆన్‌లైన్ కంపెనీకి కూడా పంపానన్నాడు. ఎన్నిసార్లు చదివానో, చదివినకొద్దీ కడుపు నిండింది.

గడువు దాటిన మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళాను. నా ఏడు టికెట్లూ బల్లమీద పరిచాను. పక్కన హాలువాళ్ళ మెషీన్లోంచి తీయించిన జాబితా పెట్టాను. ఏ రోజు ఏ ఫైలు ఆడిందో అందులో ఉంటుంది. ఏడు రోజులూ ఒకే పేరు: గొడుగులు, పెన్సిల్ చిత్తు, మూడు.

ఆయన జాబితా చూశాడు, ఉత్తరం చూశాడు, ఫ్యాను వంక చూశాడు. "కుర్రాళ్ళు ఏదో పొరపాటు చేసుంటారమ్మా. కూర్చుని మాట్లాడుకుందాం."

"మాట్లాడుకునేదేం లేదండీ. హక్కులు తిరిగిస్తున్నట్టు సంతకం పెట్టండి. రెండు పెట్టెలూ ఇవ్వండి. మీరు చూసిన రంగుల గురించి ఆ కంపెనీవాళ్ళకి నేను చెప్పకుండా ఉండాలంటే ఇంకొక షరతు ఉంది."

"ఏంటది?"

"సినిమా చూడాలి. మీరు. హాల్లో. నేను చాలనేదాకా."

"అంతేనా?" అన్నాడు, బతికిపోయాననుకుని. గబగబా సంతకం పెట్టేశాడు.

ఆ మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి డిపో పక్కన హాల్లోనే, ఒక ఆట అద్దెకి తీసుకుని, ముగ్గురం కూర్చున్నాం. మధ్యలో ఆయన, అటు అక్క, ఇటు నేను. అక్కకి ఇది హక్కులు తిరిగొచ్చిన సంబరమనే చెప్పాను. ఆమె ఎవరో ఆయనకు చెప్పలేదు. ఇంతకుముందు ఆయన ఆమెను చూసింది ఒక్కసారే, సంతకం రోజు. గుర్తుపట్టలేదు.

మీసమాయన నల్లపెట్టెలోదే వేశాడు. తలుపు తెరుచుకుంది. "ఏం చూస్తున్నావ్ అలా? గొడుగు పట్టుకొచ్చావా, ఊరికే వచ్చావా?"

అక్క ఒక్కసారిగా ముందుకి వంగింది. చేయి మెడ దగ్గరికి పోయింది. ఆ తర్వాత తొంభై నిమిషాలు నేను తెర చూడలేదు, అక్కనే చూశాను. ముసలమ్మ మాట్లాడినప్పుడల్లా అక్క పెదవులు కదులుతున్నాయి. ఒక్క మాట మర్చిపోలేదు. చూద్దాం గారు మొదట్లో రెండుసార్లు ఫోన్ చూసుకున్నాడు. తర్వాత ఫోన్ జేబులోకి పోయింది, మళ్ళీ బయటికి రాలేదు.

దీపాలు వెలిగాక ఆయన ముక్కు చీదుకున్నాడు. నిజంగానే ఏడ్చాడు. నేను అనుకున్న పగ ఇది కాదు. విసుగుతో చావాలి, సిగ్గుతో చావాలి అనుకున్నాను.

"అబ్బ, ఆ ముసలామె గొంతు ఎవరిదమ్మా?" అన్నాడు. "ప్రాణం పెట్టి చెప్పింది. కాగితాల్లో పేరున్న ఆ నటిది కాదుగా ఇది? దీన్నెందుకు తీసేశారు?"

నటిస్తున్నాడా అని మొహంలోకి చూశాను. లేదు. నిజంగానే గుర్తులేదు. రెండేళ్ళకు పైగా నేను నిద్రలో కూడా మోసిన ఆ మాటలు ఆయన ఫోన్ పెట్టేసిన మరుక్షణమే మర్చిపోయాడు.

"మీరే తీసేయమన్నారు," అన్నాను.

"నేనా? నేనెందుకంటానమ్మా! నేనంటే మాత్రం? ఇంత మంచి గొంతుని ఎవరైనా చెరుపుకుంటారా?"

అక్క తల తిప్పి నా వైపు చూసింది. ఆయన భుజం మీదుగా, సూటిగా. ఆ రికార్డింగులు ఏమయ్యాయని ఆమె నన్ను ఏనాడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ చూపులో అడిగింది, నా మొహంలో జవాబు చదువుకుంది.

పుస్తకం తీసింది. 'నాది' అని రాసి ఆయనకు చూపించింది. ఆయన ఆ మాట చూసి, మెడకున్న గుడ్డ చూసి, తెల్లబోయాడు. లేవబోయాడు. అక్క పేజీ తిప్పి మళ్ళీ రాసింది. ఎప్పుడూ తేలిగ్గా రాసే మనిషి, కాగితం చిరిగేలా నొక్కి రాసింది. ఇద్దరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుంది.

'మళ్ళీ వేయించు. ఇద్దరూ కూర్చోండి.'

నేను వెనక్కి తిరిగి మీసమాయనకి చెయ్యి ఊపాను. దీపాలు ఆరాయి. చూద్దాం గారూ నేనూ పక్కపక్కనే, తలెత్తకుండా కూర్చున్నాం.